పోలింగ్ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టడం లేదు: నరసరావుపేట నుంచి రాసిన అమ్మకి జవాబు

2024 మేలో, ఆంధ్రప్రదేశ్ ఎన్నికల పోలింగ్‌కి కొద్ది రోజుల ముందు వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది నరసరావుపేట. నాకు 36 ఏళ్లు. ఇంట్లోనే చీరల వ్యాపారం చేసుకుంటాను. పుట్టింటివాళ్లది ఒక పార్టీ, అత్తింటివాళ్లది ఇంకో పార్టీ. నెల రోజులుగా రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. ఫోన్ తీసి వార్తలు చూస్తాను. గుండె దడ, అరచేతుల్లో చెమట. డాలస్‌లో ఉన్న అన్నయ్య రోజూ వీడియోలు పంపిస్తాడు. మా మరిది 'ఈసారి తేడా వస్తే పొలం పోతుంది' అంటాడు. అత్తయ్య పింఛను గురించి బెంగ పెట్టుకుంది. మా ఆయన పందెం కాశారేమోనని నాకు అనుమానం. మొన్న మా నాన్నకీ ఆయనకీ భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. మా ఎనిమిదేళ్ల బాబు 'తాతయ్య, నాన్న కొట్టుకుంటారా అమ్మా' అని అడిగాడు. పోలింగ్ రోజు ఊళ్లో గొడవలవుతాయని భయం. ఇది జబ్బా? వార్తలు చూడటం మానెయ్యాలా?"

అమ్మా, మీరు చివర్లో అడిగిన రెండింటికీ ముందు చెబుతాను. ఇది జబ్బో కాదో ఉత్తరం చదివి తేల్చకూడదు. ఏ గుర్తులుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కింద రాశాను, అక్కడిదాకా ఓపిగ్గా చదవండి. వార్తలు పూర్తిగా మానెయ్యమని మాత్రం నేను చెప్పను. ఆ మాట మీకు ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. మీరూ ఒకరోజు మానేసి చూసి ఉంటారు, రెండో రోజుకి చెయ్యి మళ్లీ ఫోన్ మీదకే పోయి ఉంటుంది. పైగా మీ భయాల్లో సగం ఉత్తుత్తివి కావు.

నేను విజయవాడలో కౌన్సెలింగ్ మొదలుపెట్టి 24 ఏళ్లయింది. 2004, 2009, 2014, 2019 ఎన్నికలు ఈ గదిలో కూర్చునే చూశాను. ప్రతిసారీ పోలింగ్‌కి నెల ముందు నుంచీ వచ్చేవాళ్ల మాట మారిపోతుంది. మామూలు రోజుల్లో "మా అత్తగారు", "మా మేనేజరు" అని మొదలయ్యే సంగతి "నిన్న రాత్రి టీవీలో" అని మొదలవుతుంది. వాళ్లలో రాజకీయాల పిచ్చి ఉన్నవాళ్లు తక్కువ. బిల్లులు రావాల్సిన చిన్న కాంట్రాక్టర్లు, బదిలీ భయం ఉన్న ఉద్యోగులు, స్థలం పట్టా చేతికొచ్చి ఇల్లు సగంలో ఆగినవాళ్లు, రెండు పార్టీల మధ్య కాపురం చేస్తున్న మీలాంటి ఆడవాళ్లు. ప్రభుత్వం ఎవరిదనేది వీళ్లకి అన్నం కంచం దగ్గరికొచ్చే సంగతి. "రాజకీయాలు మనకెందుకు, వదిలెయ్" అని వీళ్లకి చెప్పేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. భయపడటానికి కారణం ఉన్న మనిషిని, భయపడుతున్నందుకు సిగ్గుపడేలా చెయ్యడమే అది.

మీ దగ్గర నాకు కనిపించింది ఇది. మీరు వార్తలు తెలుసుకోవడం లేదు, కాపలా కాస్తున్నారు. మిరప కల్లం మీకు తెలుసు. కాయలు ఆరబోసినన్నాళ్లూ రాత్రిపూట ఎవరో ఒకరు కల్లంలో పడుకోవాలి, దొంగ వస్తాడేమోనని, వాన పడుతుందేమోనని. కానీ ఒకే మనిషి నెల రోజులు కళ్లు మూసుకోకుండా కాపలా ఉండడు. ఇవాళ తండ్రి, రేపు కొడుకు, ఎల్లుండి పాలేరు. వాన చినుకు పడితే పట్ట కప్పడం అనే పని కూడా వాళ్ల చేతిలో ఉంటుంది. మీ కాపలాకి వంతులూ లేవు, కప్పడానికి పట్టా లేదు. రాత్రి రెండింటికి ఫలానా నియోజకవర్గంలో ఎవరో ఎవరినో తిట్టారని మీకు తెలిసింది. తెలిశాక చెయ్యగలిగిందేమిటి? ఏమీ లేదు. అయినా చూసినంతసేపూ ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. చూడకపోతే ఇంటికి కాపలా వదిలేసినట్టు తప్పుగా అనిపిస్తుంది.

ఈ అలవాటు ఇలా బిగుసుకుంటుంది. అనుమానం పుడుతుంది, ఫోన్ చూస్తారు, కొత్తగా ఏమీ జరగలేదని తేలితే ఒక్క నిమిషం హాయిగా ఉంటుంది. ఆ ఒక్క నిమిషం హాయిని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే గంటకోసారి చూసేది పావుగంటకోసారి అవుతుంది. ఇంతలో ఒకటి నిజంగానే చెడ్డ వార్త తగులుతుంది, ఇక చూడకుండా ఉండటం ప్రమాదమని మనసు నిశ్చయించేసుకుంటుంది. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాయి. తర్వాతి వారమంతా రోజుకి ఆరు గంటలకి పైగా ఆ వార్తలు చూసినవాళ్లలో, పేలుళ్ల చోట స్వయంగా ఉన్నవాళ్లకన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయని 2014లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. నేను దీన్ని చాలామందికి చెబుతుంటాను. ఒకే దృశ్యాన్ని యాభైసార్లు చూస్తే మన ఒంటికి అది యాభైసార్లు జరిగినట్టే. మన చానళ్లలో ఎవరో రాయి విసిరిన పది సెకన్ల క్లిప్పు సాయంత్రం చర్చ ముగిసేలోగా ఎన్నిసార్లు తిరుగుతుందో ఒకరోజు లెక్కపెట్టి చూడండి.

2019లో నా దగ్గరికి ఒక రిటైర్డ్ మేష్టారు వచ్చేవారు. ఆయన్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. ఏప్రిల్ 11న ఓటేశాం, మే 23న లెక్కింపు. మధ్యలో 42 రోజులు. ఆయన ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టి 175 నియోజకవర్గాలూ వరసగా రాసుకున్నారు. ఏ సర్వే ఎవరికి ఎన్ని ఇచ్చిందో రోజూ అందులో దిద్దుకునేవారు. ఒక పేజీలో ఒక సర్వే, ఎదుటి పేజీలో దానికి సరిగ్గా అడ్డం తిరిగిన ఇంకో సర్వే. ఆయన బరువు తగ్గారు, బీపీ పెరిగింది, తిండి మీద ధ్యాస లేదు. సర్వేలు నమ్మొద్దని నేను ఎంత చెప్పినా లాభం లేకపోయింది. చివరికి ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టించి, తాళం వాళ్లావిడ చేతికిప్పించాను. రోజూ సాయంత్రం అరగంట మాత్రం తీసి చూసుకోవచ్చు. మొదటి నాలుగు రోజులు నా మీద కోపంగా ఉన్నారు. తర్వాత ఒకరోజు వచ్చి, "అమ్మా, ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే బడికెళ్లినట్టుండేది. పని లేకపోవడమే నా జబ్బు" అన్నారు. ఆ మాట నేను ఈరోజుకీ మర్చిపోలేదు.

కాబట్టి మీకు ముందుగా చెప్పేది పని గురించే. రేపు పొద్దున, రాత్రి కాదు, పొద్దున, టీ తాగుతూ ఒక కాగితం మీద మీ భయాలన్నీ రాయండి. ఒక్కొక్క దాని పక్కన మూడింట్లో ఒకటి రాయాలి: ఇది అడిగితే తెలుస్తుంది, ఇది చేస్తే అవుతుంది, దీనికి తేదీ రావాలి. మీ ఉత్తరంలో ఉన్నవాటితో నేను మొదలుపెడతాను.

పొలం. కొత్త భూహక్కు చట్టం మీద ఇప్పుడు రెండు వైపులా కేకలు వినబడుతున్నాయి. ఎవరి వాదన న్యాయమో తేల్చడం నా పని కాదు. నేను చెప్పగలిగింది, ఆ భయాన్ని టీవీలోంచి తీసి మీ పొలం దగ్గరికి తెచ్చుకోమని. సర్వే నంబరు తీసుకుని మీభూమి వెబ్‌సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకోండి. పాసుపుస్తకంలో ఉన్న విస్తీర్ణం, పేరు వాటితో సరిపోయాయా? సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే పొలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల వివరాలుండే పత్రం, తీయించండి. దస్తావేజుల జిరాక్సులు రెండు సెట్లు చేయించి, ఒకటి ఇంకోచోట దాచండి. తేడా ఏదైనా కనబడితే తెలిసిన వకీలుని అడగండి. ఎవరు గెలిచినా ఈ పని వృథా పోదు. మీ మరిదిని కూడా వెంట తీసుకెళ్లండి. అన్నిటికన్నా గట్టిగా భయపడుతున్నవాడికి ఏదో ఒక కాగితం వెతికే పని అప్పగిస్తే ఇంట్లో చర్చ సగానికి సగం తగ్గడం నేను చాలా ఇళ్లలో చూశాను.

అత్తయ్య పింఛను. ఏప్రిల్‌లో పింఛను కోసం సచివాలయాల దగ్గర ఎండలో నిలబడిన ముసలివాళ్లని చూసి చాలామంది భయపడ్డారు. ఈ నెల చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాలోకి వేశారు. ఆమె ఖాతాకి ఆధార్ అనుసంధానం ఉందో లేదో బ్యాంకులో ఒక్కసారి కనుక్కోండి. ఇది అడిగితే తెలిసిపోయే సంగతి. జూన్ తర్వాత పింఛను ఎంత ఉంటుంది, ఎవరిస్తారు అనేదానికి మాత్రం తేదీ రావాలి. ఈ రెండూ కలిసిపోయి ఉన్నందువల్లే ఆమె బెంగ అంత పెద్దదిగా ఉంది. విడదీసి చెప్పి చూడండి.

పందెం. మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క వాక్యమే రాశారు, కానీ నన్ను ఎక్కువ ఆపింది అదే. మిగతా భయాలన్నిటికీ ఇంటి బయట ఏదో ఒక వాదన ఉంది. ఇది మీ గుండెల్లోనే ఉండిపోయింది. రాత్రి రెండింటికి మీరు చూస్తున్నది నిజంగా రాష్ట్రం ఏమవుతుందనేనా, లేక పందెం ఏమవుతుందనా? మనసు ఒక్కోసారి అడగలేని ప్రశ్న చుట్టూ తిరగలేక, అడగగలిగిన ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆయన్ని సూటిగా అడగండి. ఆయన పొద్దున స్నానం చేసి, టిఫిన్ తిని, నిమ్మళంగా ఉన్నప్పుడు, బాబు, అత్తయ్య దగ్గర లేనప్పుడు. "మీరు కాశారని నిలదీయడానికి కాదు, తెలియక నిద్ర పట్టడం లేదు. ఎంత?" అంతే. కాయలేదంటే ఒక బరువు దిగింది. కాశానంటే, ఆ మొత్తం ఎంతో తెలిసింది, తెలియని మొత్తం కన్నా తెలిసిన మొత్తంతో బతకడం తేలిక. పెంచవద్దని, కొత్తవి కట్టవద్దని మాట తీసుకోండి. ఇంకొకటి కూడా ఆయన తెలుసుకోవాలి. పందెపు ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం చెల్లదు, గెలిచామని కోర్టుకెళ్లి వసూలు చేసుకునే దారి లేదు. ఆడడం వేరుగా నేరం కూడా. పొలమో నగలో తాకట్టులోకి వెళ్లాయంటే మాత్రం మీరొక్కరే మోయకండి. ఇంట్లో ఆయన మాట వినే పెద్ద ఒకరుంటారు, వాళ్లకి చెప్పండి.

గొడవల భయం. దీన్ని నేను తక్కువ చేసి చెప్పను, పల్నాడులో ఉన్న మనిషికి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ఎన్నికల సంఘం రాష్ట్రంలో 14 నియోజకవర్గాలని సమస్యాత్మకంగా గుర్తించి, వాటిలో అన్ని పోలింగ్ కేంద్రాలకీ వెబ్‌కాస్టింగ్, అంటే కెమెరాలతో ప్రత్యక్ష పర్యవేక్షణ, పెడుతోంది. మీ చుట్టుపక్కల మాచర్ల, గురజాల, వినుకొండ, పెదకూరపాడు ఆ జాబితాలో ఉన్నాయి, మీ నరసరావుపేట లేదు. అలాగని మీరు అజాగ్రత్తగా ఉండమని కాదు. ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉంటే భయం చేతికి పని దొరుకుతుంది. పోలింగ్ మే 13వ తేదీ సోమవారం పొద్దున ఏడింటికి మొదలవుతుంది. ఏడింటికే వెళ్లండి, ఎండా తప్పుతుంది, రద్దీ కూడా తక్కువ. ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు, ఓటరు కార్డో ఆధారో చేతిలో ఉండాలి. లోపలికి ఫోన్ ఒప్పుకోరు, ఇంట్లోనే పెట్టి వెళ్లండి. వేలికి సిరా పడగానే నేరుగా ఇంటికి రండి, సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఎవరూ ఆగవద్దని ఇంట్లో మగవాళ్లకి ముందురోజే చెప్పండి. బాబు ఆ రోజు ఎవరింట్లో ఉంటాడో నిర్ణయించుకోండి. మీ కళ్లముందు డబ్బు పంచడమో బెదిరించడమో జరిగితే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో ఫొటో తీసి పంపవచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం. ఓటు వివరాలకి 1950. ప్రాణం మీదకొచ్చేలా ఉంటే 112. ఈ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఆ తర్వాత ఈ భయం గురించి మీరు చెయ్యాల్సింది అయిపోయింది.

మీ అన్నయ్య పంపిన వీడియోల్లో ఓటింగ్ యంత్రాలు మార్చేస్తారన్న మాట కూడా ఉండే ఉంటుంది, అందుకని అది కూడా. ఇలాంటి వాటికి నా సలహా, పద్ధతి ఏమిటో ఒక్కసారి సావకాశంగా చదివి, మళ్లీ వీడియో జోలికి వెళ్లకపోవడం. పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే నమూనా పోలింగ్, చేస్తారు. మీరు నొక్కాక వీవీప్యాట్, అంటే ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద చూపించే యంత్రం, దాని అద్దంలో ఏడు సెకన్లు స్లిప్పు కనబడుతుంది, అక్కడే నిలబడి చూసుకోండి. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకి ఇస్తారు. లెక్కింపు రోజు ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో చీటీ తీసి ఎంపిక చేసిన ఐదు కేంద్రాల స్లిప్పులు లెక్కబెట్టి సరిచూస్తారు. స్లిప్పులన్నీ లెక్కించాలన్న పిటిషన్లని ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇది తెలిశాక కూడా మీకు అనుమానం మిగలవచ్చు, మిగిలితే తప్పేమీ లేదు. కానీ దాన్ని పట్టించుకోవాల్సినవాళ్లు పార్టీ ఏజెంట్లు, కోర్టులు. మీరు రాత్రి రెండింటికి మేలుకుంటే యంత్రాలు దాచిన స్ట్రాంగ్‌రూమ్‌కి ఇంకో తాళం పడదు.

ఇక ఎవరు గెలుస్తారు, తర్వాత ఏమవుతుంది. దీనికి తేదీ రావాలి. 4 కోట్ల మందికి పైగా ఓటర్లున్న రాష్ట్రంలో ఎవరేమనుకుంటున్నారో ఇప్పుడు ఎవరికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారంతే. లగడపాటి రాజగోపాల్ గారి సర్వే అంటే ఒకప్పుడు ఊళ్లల్లో పందేలు మారిపోయేవి. 2018లో తెలంగాణలో, 2019లో మన దగ్గర ఆయన చెప్పినది తలకిందులైంది, ఇక సర్వేలు చేయనని ఆయనే ప్రకటించారు. అంత పేరున్నవాళ్లకే దొరకని జవాబు మీ వాట్సాప్ గ్రూపులో ఉండదు.

వార్తలకి రోజుకి రెండు వేళలు పెట్టుకోండి. పొద్దున పేపరు, అంటే నిజంగా కాగితం పేపరు, ఇరవై నిమిషాలు. సాయంత్రం ఆరున్నరకి ఒక బులెటిన్. రెండు పేపర్లు రెండు పార్టీల వైపున్నాయని మీకు తెలుసు కదా, వీలైతే రెండూ తిరగేయండి, ఒకే సంగతి రెండు చోట్ల ఎలా వచ్చిందో చూస్తే దాని ఉద్రేకం సగం దిగిపోతుంది. రాత్రి ఎనిమిదింటి చర్చలు మాత్రం పూర్తిగా వదిలెయ్యండి. ఇందులో నేను బేరం ఆడను. వాటిలో మీకు తెలియాల్సిన కొత్త సంగతి ఉండదు, నలుగురు ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకోవడం ఉంటుంది. మీ నాన్నగారికీ మీ ఆయనకీ భోజనాల దగ్గర మాట పెరిగిన రోజు టీవీలో ఏం నడుస్తోందో గుర్తు చేసుకోండి.

మధ్యలో భయం పుట్టకుండా ఉండదు. పుట్టినప్పుడు "తర్వాత" అని ఒక చిన్న పుస్తకంలో ఒక ముక్క రాసి పెట్టేయండి. సాయంత్రం ఐదింటికి పావుగంట, ఆ పుస్తకం తీసి, రాసినవన్నీ కావాలని బెంగపడండి. వినడానికి వింతగా ఉంటుంది. థామస్ బోర్కొవెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1983లోనే ఈ పద్ధతిని పరీక్షించి ప్రచురించారు, నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను. బెంగని వద్దంటే ఎదురు తిరుగుతుంది, "ఐదింటికి రా" అంటే చాలాసార్లు వింటుంది. ఐదింటికి పుస్తకం తీస్తే పొద్దున రాసిన వాటిలో చాలావరకు అప్పటికే చప్పబడి ఉంటాయి. పడకగదిలోకి వెళ్లాక మాత్రం ఈ పుస్తకం ముట్టుకోకండి.

రాత్రి రెండు గంటల సంగతి. మీరు గమనించారో లేదో, మనకి తెల్లవారుజాము రెండైతే డాలస్‌లో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. మీ అన్నయ్యకి కాస్త తీరిక దొరికే వేళ, మీ ఫోన్ మోగే వేళ ఒకటేనేమో చూడండి. ఫోన్‌ని రాత్రి వంటింట్లో చార్జింగ్ పెట్టండి. అలారం కోసం అయితే రెండొందలకి గడియారం వస్తుంది. మెలకువ వస్తే టైమ్ చూడకండి. అరచెయ్యి పొట్ట మీద పెట్టి నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేదాకా నెమ్మదిగా వదలండి. వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. ఒక ఐదు నిమిషాలు చేయండి. అయినా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకండి, లేచి ముందుగదిలో చిన్న లైటు వేసుకుని చీరలు మడత పెట్టండి, లెక్కల పుస్తకం సరిచూడండి, ఏదో ఒక విసుగు పుట్టించే పని. కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ మంచం. మొదటి మూడు రాత్రులు ఇది పనిచెయ్యడం లేదనిపిస్తుంది. వదలకండి. మధ్యాహ్నం పడుకోవద్దు, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు.

మీ అన్నయ్యని తప్పుపట్టకండి. ఆయనకి భారత పౌరసత్వమే ఉన్నా, ఇక్కడికి వచ్చి నిలబడితే తప్ప ఓటు వెయ్యలేరు. అమ్మానాన్నలు ఇక్కడ, ఆయన అక్కడ. వీడియోలు పంపడం ఆయన కాసే కాపలా. ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "అన్నయ్యా, నువ్వు పంపేవి చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. లెక్కింపు అయ్యేదాకా వీడియోలు పంపకు. ఆదివారం ఫోన్ చెయ్యి, వదిన, పిల్లల కబుర్లు చెప్పు. ఇక్కడ ఏదైనా జరిగితే నేనే చెబుతాను." వాదన పెట్టకండి, ఆ వీడియో అబద్ధమని నిరూపించకండి. కుటుంబం గ్రూపుల్ని మ్యూట్ చేసి, ఎవరైనా అడిగితే చీరల ఆర్డర్ల పనిలో చూడలేదని చెప్పండి. గ్రూపులోంచి బయటికి వస్తే అదొక కొత్త గొడవ.

నాన్నగారికీ ఆయనకీ మధ్య మీరు తీర్పరి కావద్దు. వాళ్లిద్దర్నీ ఒప్పించి ఒక దారికి తెచ్చే ప్రయత్నమే మిమ్మల్ని ఎక్కువ అరగదీస్తోంది. ఇద్దరికీ విడివిడిగా ఒకే మాట చెప్పండి: "బాబు ఎదుట ఎన్నికల మాట వద్దు." మనవడి పేరు చెబితే మీ నాన్నగారు తగ్గుతారని నా నమ్మకం, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగింది వాడే. ఆ మాట ఆయనకి చెప్పారా? చెప్పండి, వాడన్నది వాడన్నట్టుగానే. పల్నాడు ఇళ్లల్లో పార్టీ కన్నా మనవడు పెద్ద.

బాబుకి జవాబు బాకీ ఉన్నారు. "ఏం లేదులే, పో ఆడుకో" అంటే పిల్లలు నమ్మరు. దగ్గర కూర్చోబెట్టుకుని, "తాతయ్యకి ఒకరు నచ్చారు, నాన్నకి ఇంకొకరు. అందుకని గట్టిగా మాట్లాడుకున్నారు. కొట్టుకోరు. కొట్టుకోకుండా నేను చూస్తాను" అని చెప్పండి. ఆ చివరి వాక్యం తప్పకుండా చెప్పండి, వాడు అడిగింది అదే. తర్వాత వాణ్ణి తాతయ్య దగ్గరికి పంపి ఒక పూట ఉంచండి. వాడి కళ్లకి వాళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం ఒకసారి కనబడాలి.

ఇప్పుడు డాక్టర్ విషయం. గుండె దడకి కారణం బెంగే అని నేను అనుకోవడానికి వీల్లేదు. 36 ఏళ్ల ఆడమనిషికి థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే దడ, చెమట, నిద్రలేమి ఉంటాయి. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, బీపీ చూపించుకోండి. ఛాతీలో నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకితే, ఊపిరి అందకపోతే, స్పృహ తప్పితే ఎన్నికల బెంగేలే అనుకుని ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. రెండు వారాలకి పైగా రోజంతా దిగులుగా ఉన్నా, పని ముట్టుకోబుద్ధి కాకపోయినా, బతకాలనిపించకపోయినా, ఆ ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, సైకియాట్రిస్టుని కలవాలి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి చెయ్యి ఫోన్ మీదకే పోవాలంటే వార్తల బదులు ఆ నంబరు నొక్కండి.

ఒక హెచ్చరిక. మీ ఊళ్లో కూడా మెడికల్ షాపులో "నిద్ర పట్టడం లేదు" అంటే చీటీ లేకుండా అర మాత్ర ఇచ్చేవాళ్లుంటారు. ఆల్ప్రజోలమ్ లాంటివి అలా తెచ్చుకుని వేసుకోకండి. మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత అది లేకపోతే నిద్ర రాని స్థితి వస్తుంది. ఎన్నికల బెంగతో మొదలుపెట్టిన మాత్ర, ఎన్నికలైన ఐదేళ్లకి కూడా వదలనివాళ్లని నేను చూస్తున్నాను.

మీరు అడగనిది కూడా ఒకటి చెప్పాలి. అందరూ 13వ తేదీతో అయిపోతుందనుకుంటున్నారు. లెక్కింపు జూన్ 4న. మధ్యలో 22 రోజులు. దేశంలో చివరి విడత జూన్ 1న అయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ చూపించకూడదు, ఆ సాయంత్రం ఆరున్నర తర్వాత అన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఆ రోజు టీవీ పెట్టకండి. మూడు రోజుల్లో అసలు లెక్కే వస్తుంటే, ఊహ చూసి ఉప్పొంగడం గానీ కుంగిపోవడం గానీ ఎందుకు? ఆ 22 రోజులకి ఇప్పుడే ఒక పని పెట్టుకోండి. శ్రావణమాసం చీరలకి సరుకు ఎప్పుడు తెస్తారు మీరు? చీరాల, మంగళగిరి వెళ్లి నేతవాళ్లతో మాట్లాడి రావడానికి అది మంచి సమయం. బాబు బడి తెరవకముందే వాడినీ తీసుకెళ్లొచ్చు. జూన్ 4న మాత్రం ఇంట్లో ఒకే ఒక్కరు ఫలితాలు చూసి మధ్యాహ్నానికి అందరికీ చెప్పేలా మాట్లాడుకోండి. గెలిచినవాళ్లు ఆ సాయంత్రం వీధిలోకి వెళ్లి బాణాసంచా కాల్చవద్దని, ఓడినవాళ్ల ఇంటికి ఫోన్ చెయ్యవద్దని మీ ఆయనతో, నాన్నగారితో ముందే మాట తీసుకోండి. ఎవరు గెలుస్తారో తెలియనప్పుడే ఈ మాట తీసుకోవడం తేలిక.

11వ తేదీ శనివారం సాయంత్రం ఆరింటికి ప్రచారం ఆగిపోతుంది. మైకులుండవు. అప్పటికి వారం రోజులు పై పద్ధతులు పాటించి ఉంటారు. ఆ రాత్రి ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, ఆయన్ని పందెం గురించి అడిగారో లేదో రాయండి. పరీక్షల కాగితాలు వస్తే వాటిలో ఏముందో కూడా. నేను చూసి మళ్లీ చెబుతాను.